పలక రాతి దేశపు వింతలు

బ్లైనై ఫెస్టినియోగ్,
ఉత్తర వేల్స్ నుంచి.

బావా,

ఇక్కడ ఇంటి కప్పు పలకే, చర్చి కప్పు పలకే, గొర్రెల దొడ్డి కంచె పలకే, చచ్చినాక తల దగ్గర పాతేదీ పలకే. కంచె అంటే మన ముళ్లకంప లాంటిది కాదు. నడుమెత్తు పలక బద్దల్ని నేలలో వరసగా పాతి, పైభాగాన ఇనప తీగతో ఒకదానికొకటి అల్లి కట్టారు. ఏనాడో పాతినవి కూడా ఒంగకుండా నిలబడి ఉన్నాయి. మన తర్లుపాడు చుట్టుపక్కల పారేసిన రాతిముక్కల్ని చూసి ఇదేం పనికొస్తుందిలే అనుకుంటాం గదా, ఇక్కడివాళ్లు దాంతో ఊళ్లకి ఊళ్లే కట్టుకున్నారు.

అల్లుడు మాంచెస్టర్‌లో ఉంటాడని నీకు తెలుసు. "మామయ్యా, లండన్ ఎప్పుడైనా చూడొచ్చు, ముందు మీ పలకల మార్కాపురానికి అన్నగారి ఊరు చూపిస్తా" అని కారెక్కించాడు. ఆ అన్నగారే ఈ బ్లైనై ఫెస్టినియోగ్. ఊళ్లోకి దిగుతుంటే ఇళ్ల వెనకే బూడిదరంగు కొండలు, ఏ క్షణాన జారి పెరట్లో పడతాయో అన్నట్టు. అవి కొండలు కావు, క్వారీల్లోంచి తెచ్చి పారబోసిన తుక్కు. ఒక టన్ను మంచి పలక చేతికి రావాలంటే పది టన్నులకి పైగా రాయి పారబోయాల్సి వచ్చేదట. 1951లో చుట్టూ ఉన్న కొండలన్నిటినీ కలిపి జాతీయ పార్కు చేసినప్పుడు, ఈ తుక్కు కంటికి ఇంపుగా లేదని ఈ ఒక్క ఊరినీ పటంలోంచి తీసేశారు. ఇప్పటికీ పటం చూస్తే చుట్టూ పార్కు, మధ్యలో చిల్లు. డెబ్బై ఏళ్లు గడిచాక, 2021 జులైలో, ఇదే తుక్కునీ ఇవే క్వారీలనీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఎక్కించింది. కూలోళ్లు చచ్చేదాకా అసహ్యం, చచ్చినాక వారసత్వం. మన దేశంలోనే అనుకున్నా, ఇక్కడా అంతే.

వాన సంగతి చెప్పక్కర్లేదు. మేమొచ్చిన దగ్గర్నుంచీ ఆగలేదు. మనం వెలిగొండ సొరంగం నీళ్ల కోసం ఎదురుచూసి ఎదురుచూసి ముసలాళ్లమయ్యాం, వీళ్లకి వద్దన్నా నెత్తిన పడుతోంది.

ఇక్కడి రైలు వింత విను. 1836లో ఈ కొండ మీంచి పోర్త్‌మడోగ్ రేవు దాకా పలకలు దించడానికి రెండడుగుల వెడల్పు కూడా లేని పట్టాలు వేశారు. వాలు ఎలా పెట్టారంటే, పలకలు నింపిన బళ్లు వాటి బరువుకి అవే సముద్రం దాకా దొర్లుకుంటూ పోయేవి. ఖాళీ బళ్లని పైకి లాక్కురావడానికి గుర్రాలు. మరి ఆ గుర్రాలు కిందికి ఎట్లా పోవాలి? వాటికొక పెట్టె కట్టారు. పలకల వెనకాల గుర్రం దర్జాగా పెట్టెలో నిలబడి, గడ్డి నములుకుంటూ దిగేది. గుర్రానికి వచ్చే అలుపు మీద అంత శ్రద్ధ చూపించారు, అది గుర్తు పెట్టుకో, మనుషుల సంగతికి తర్వాత వస్తాను.

పలకల సైజులకి ఇక్కడ జమీందారిణుల పేర్లు. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు అయితే డచెస్. 20కి 10 అయితే కౌంటెస్. 16కి 8 అయితే లేడీ. "ఇవాళ ఎంతమంది కౌంటెస్‌లని కోశావురా" అని పొద్దుగూకాక ఒకరినొకరు అడిగేవాళ్లేమో, నాకు తెలియదు గానీ నవ్వాగలేదు.

లెఖ్‌వెద్ అనే పాత గని దగ్గర పలక చీల్చడం చూపిస్తారు, డబ్బులకి. నువ్వుంటే తప్పులు పట్టేవాడివి. చీల్చేవాడు ఎత్తు తక్కువ పీట మీద కూర్చుని, రాతి దిమ్మని తొడకి ఆనించుకున్నాడు. ఉలి మన ఉలికంటే బాగా వెడల్పు, అంచు పల్చన. చెక్క సుత్తితో కొట్టడం కూడా కాదు, తట్టడం. రాయిలో ఒక చిన్న టిక్కుమన్న చప్పుడు వినపడగానే ఆపేసి, ఉలిని పక్కకి వంచాడు. దిమ్మ రెండు అయింది. ఆ రెండింటిని నాలుగు చేశాడు, నాలుగుని ఎనిమిది. ఎప్పుడూ సరిగ్గా మధ్యలోంచే, పక్కనుంచి తీస్తే పలచటి వైపు విరిగిపోతుందట. నాకు నువ్వు గుర్తొచ్చావు, పదహారేళ్లప్పుడు రాయిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి, ఇది పలకకి పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పేవాడివి. ఆ చేతికి ఇప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు లేవు.

చేత్తో చీలిస్తే దుమ్ము పెద్దగా లేవదు. దుమ్మంతా కోత యంత్రం దగ్గర. ఇక్కడా పాత షెడ్లలో రంపపు బల్లలు వరసగా ఉన్నాయి. ఒకప్పుడు ఆ షెడ్లలో బల్లకి ఆ చివరి మనిషి ఈ చివరివాడికి కనపడేవాడు కాదట.

గనిలోకి నిటారుగా దిగే బండి ఉంది. లోపల కొండని తొలిచి చేసిన గదులు, ఒక్కోటి మన చెన్నకేశవస్వామి గుడి పట్టేంత. మిణుకుమనే లైట్లార్పేసి ఒక్క కొవ్వొత్తి వెలిగించారు. నూట యాభై ఏళ్ల కిందట అంతే వెలుతురు. ఆ కొవ్వొత్తి కూడా కూలివాడు తన డబ్బుతో కొనుక్కోవాలి, మందుగుండూ అంతే. పైకప్పు దగ్గర రాయి తొలిచేవాడు ఒక గొలుసుని తొడకి చుట్టుకుని దానికి వేలాడుతూ పన్నెండు గంటలు తొలిచేవాడు. ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. ఇక్కడ రోజుకూలి కాదు. ముగ్గురో నలుగురో ఒక ముఠా కట్టి, నెలకొకసారి మేస్త్రీతో గోడలో తమ వంతు రాతికి బేరమాడుకోవాలి. రాయి బాగుంటే రేటు తక్కువ, రాయి చెడ్డదైతే రేటు ఎక్కువ. బేరం తెగినాక రాయి దొంగదైతే ఆ నెల పస్తే. వినడానికి కూలివాడే చిన్న కాంట్రాక్టరులా ఉంటాడు. దెబ్బ తగిలితే మాత్రం ఎవరి మనిషీ కాదు. మన దగ్గర "నా మనిషి కాదు, మేస్త్రీ తెచ్చుకున్నాడు" అనే మాట ఎన్నిసార్లు విన్నాం! అదే మాట, వేరే భాష.

ఆ గదుల్లో ఒకదాంట్లో ఇప్పుడు ఏం చేశారో తెలుసా? పెద్ద పెద్ద వలలు కట్టారు, రంగురంగుల లైట్లు పెట్టారు. టికెట్టు కొనుక్కుని పిల్లలు, పెద్దలు వాటిమీద ఎగిరి గంతులేస్తున్నారు. మా మనవడు కూడా గంతులేశాడు. నేను కింద కూర్చుని వాడి చెప్పులు చూసుకున్నాను.

అక్కడినుంచి లాన్‌బెరిస్ వెళ్లాం. దినోర్విగ్ అనే మహా క్వారీకి సొంత ఆసుపత్రి ఉండేది, 1860లో కట్టారు. ఎక్స్‌రే యంత్రం కొత్తగా వచ్చిన రోజుల్లోనే అక్కడికి తెచ్చారు. పక్కనే శవాల గది, పలక బల్లలతో. శవాన్ని పడుకోబెట్టేదీ పలకే మరి. కాళ్లూ చేతులూ తెగినవాళ్లకి ఆ డాక్టర్లు నిజంగానే గొప్ప వైద్యం చేశారంటారు. దగ్గు దగ్గరికొచ్చేసరికి కథ మారింది. నలభై ఏళ్లు దాటేసరికి ఆయాసపడి, బక్కచిక్కి పోతున్న పలక కూలీల్ని చూసి క్వారీ డాక్టర్లు ఏం చెప్పారంటే, ఇది దుమ్ము వల్ల కాదు, పొద్దుట్నుంచీ పొయ్యి మీద మరిగిన డికాషన్ టీ తాగడం వల్ల అని! కూలీలు మధ్యాహ్నం చిన్న గుడిసెలో కూర్చుని టీ తాగుతూ పాటలు పాడుకునేవాళ్లు, రాజకీయాలు మాట్లాడుకునేవాళ్లు, సంఘం కట్టాలనుకునేవాళ్లు. ఆ టీనే దోషి అయింది. యజమాని జీతమిచ్చే డాక్టరుకి దుమ్ములో దోషం కనపడటం కష్టం.

దుమ్ము ఏం చేస్తుందో నీకు నేను చెప్పేదేముంది, కానీ మన వాళ్లకి చదివి వినిపిస్తావు గదా, అందుకని రాస్తున్నాను. పలక రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది. కళ్లకి కనపడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగి, ఉమ్మితే పోతుంది. కనపడని సన్నటి దుమ్మే ప్రమాదం, అది ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి కూర్చుంటుంది. దాని చుట్టూ మచ్చలు కట్టి, ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దానిపేరు సిలికోసిస్. పని మానేసినా అది ఆగదు, తగ్గించే మందు లేదు. ఇది ఉన్నవాడికి టీబీ తొందరగా అంటుకుంటుంది. అందుకే మన దగ్గర అందరికీ టీబీ మందులే రాస్తారు, కోర్సు మీద కోర్సు. పలకల్లో పనిచేసి దగ్గుతో పోయిన పెద్దబావకి ఎన్ని కోర్సులు వాడామో అక్కకి గుర్తుంటుంది. ఏం పని చేస్తావని అడిగిన డాక్టరు ఒక్కడైనా ఉన్నాడా?

నన్ను నిజంగా ఆపేసిన వింత ఇప్పుడు చెబుతాను.

1960ల చివర్లో ఇక్కడి క్వారీలు ఒకటొకటే మూతపడ్డాయి. దినోర్విగ్ 1969లో మూసేశారు. కంపెనీలు దివాళా తీసి, కాగితాల మీద కూడా లేకుండా పోయాయి. దుమ్ము మింగిన మనుషులు మాత్రం మిగిలారు. బొగ్గు గనుల వాళ్లకి బాధ లేదు, గనులు సర్కారువి, 1974లో వాళ్ల ఊపిరితిత్తుల జబ్బుకి ఒక పరిహార పథకం వచ్చింది. పలకల వాళ్లు కోర్టుకెళ్దామంటే దావా ఎవరి మీద వేయాలి? యజమాని లేడు, కంపెనీ లేదు, ఇన్సూరెన్సు లేదు. బొగ్గు తీసినవాడికి డబ్బొచ్చింది, అదే ఆయాసంతో ఇక్కడున్నవాడికి రాలేదు. ఏళ్ల తరబడి ముసలాళ్లు, వితంతువులు, సంఘం వాళ్లు తిరిగారు.

అప్పుడు బ్రిటన్ పార్లమెంటులో వేల్స్ పార్టీ ప్లైడ్ కమ్రికి ఉన్నది ముగ్గురే ముగ్గురు సభ్యులు. గ్విన్‌ఫోర్ ఎవాన్స్, డావిద్ విగ్లీ, డావిద్ ఎలిస్ థామస్. చివరి ఇద్దరూ ఈ పలకల నియోజకవర్గాల వాళ్లే. 1979 మార్చి 28న జేమ్స్ కల్లహాన్ ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు. ఒక్కొక్క ఓటూ లెక్క పెట్టుకుంటున్న రాత్రి. మన ముగ్గురూ అడిగిన ధర ఒకటే: పలక కూలీల ఊపిరితిత్తులకి పరిహారం చట్టం. కల్లహాన్ ఒప్పుకున్నాడు, వీళ్లు ఓటేశారు. అయినా ప్రభుత్వం పడిపోయింది, 311కి 310. ఒక్క ఓటు. ఆ ఒక్క ఓటు ఎవరిదంటే, మంచాన పడ్డ పాలకపక్షం సభ్యుడు సర్ ఆల్‌ఫ్రెడ్ బ్రాటన్‌ది. ఆయన వస్తానన్నాడు, అంబులెన్సులో తెస్తే దారిలోనే పోతాడని ప్రధాని వద్దన్నాడు. కొన్ని రోజులకే ఆయన చనిపోయాడు.

ప్రభుత్వం పడిపోయాక ఇచ్చిన మాట ఎవడు నిలబెట్టుకుంటాడు బావా? మన దగ్గరైతే ఆ రాత్రే ఫైలు అటకెక్కేది. ఇక్కడ ఓడిన వారానికి, ఏప్రిల్ 4న, ఆ చట్టం పూర్తయింది. సభ రద్దు కావడానికి మూడు రోజుల ముందు. యజమాని కంపెనీ లేకుండా పోయి, ఎవరి మీదా దావా వేయడానికి వీల్లేని దుమ్ము రోగికి ప్రభుత్వమే ఒకేసారి డబ్బు ఇస్తుంది. అతను పోయి ఉంటే అతని మీద ఆధారపడ్డ వాళ్లకి ఇస్తుంది. పలకల కోసం పుట్టిన ఆ చట్టమే తర్వాత ఆస్బెస్టాస్ రోగుల్ని ఆదుకుంది, ఇప్పటికీ అమల్లో ఉంది. టీకొట్టులో మా పక్కన కూర్చున్న ఒక ముసలామె, ఆ డబ్బుతో వాళ్లమ్మ మొట్టమొదట ఏం కొన్నదో చెప్పింది: మెట్లు ఎక్కలేని భర్త కోసం కింది గదిలోకి దించిన మంచానికి కొత్త పరుపు. అతను దానిమీద ఎక్కువ రోజులు పడుకోలేదట.

ఇక్కడితో ఆగితే నువ్వు "అది తెల్లోళ్ల దేశం, మనకెందుకు" అంటావు. ఆగు.

అల్లుడు ఫోన్లో ఇక్కడి ప్రభుత్వం వాడే అంగవైకల్యం పట్టిక తీసి చూపించాడు. ఏ అవయవం పోతే ఎంత శాతం అని. బొటనవేలు 30. చూపుడు వేలు 14. మధ్య వేలు 12. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఏడేసి. ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20. రెండు చేతులూ పోతే 100. కార్మిక శాఖలో గుమస్తాగా తల నెరిసినవాణ్ణి, ఆ అంకెలు నాకు నోటికి వచ్చు. మన 1923 పరిహార చట్టం వెనకున్న మొదటి షెడ్యూల్లో ఉన్నవి సరిగ్గా అవే! ఒక్క అంకె తేడా లేదు. మన చట్టానికి మూలం ఇక్కడే, 1897లో జోసెఫ్ చాంబర్లేన్ పట్టుబట్టి తెచ్చిన చట్టం. అందులో రైళ్లు, ఫ్యాక్టరీలు, గనులతో పాటు క్వారీలు కూడా మొదటి రోజునుంచే ఉన్నాయి. దానికి ముందు, తప్పు యజమానిదే అని రుజువు చేస్తే తప్ప కూలివాడికి చిల్లిగవ్వ లేదు. పక్కనున్న కూలివాడి పొరపాటువల్ల దెబ్బ తగిలితే యజమానికి సంబంధమే లేదనేవాళ్లు కోర్టుల్లో. 1897 తర్వాత ప్రశ్న మారింది. తప్పెవరిది అని కాదు, పనిలో, పనివల్ల దెబ్బ తగిలిందా లేదా అని. మన చట్టం కూడా ఆ ఒక్క ప్రశ్నే అడుగుతుంది.

పట్టిక ఒకటే, ఇచ్చే పద్ధతి వేరు. ఇక్కడ 1948 నుంచి డబ్బిచ్చేది యజమాని కాదు, ప్రభుత్వం. శాతాన్నిబట్టి వారం వారం ఇస్తారు, లోపం ఉన్నన్నాళ్లూ. కానీ 14 శాతం కంటే తక్కువైన దానికి ఏమీ రాదు. అంటే చూపుడు వేలు ఒక్కటే పోతే గడప మీద నిలబడి ఉన్నట్టు, సరిగ్గా 14 గాబట్టి దక్కుతుంది. మధ్య వేలు ఒక్కటే పోతే 12, చెయ్యూపుకుంటూ పోవాల్సిందే. దొరల లెక్కలో ఆ వేలికి విలువ లేదు! దుమ్ము జబ్బుకి మాత్రం ఒక్క శాతం ఉన్నా చాలు, ఇస్తారు. ఆ మినహాయింపు వెనక ఎన్ని శవాలున్నాయో లాన్‌బెరిస్ ఆసుపత్రి పలక బల్లకే తెలియాలి.

మన దగ్గర యజమానే ఇవ్వాలి, ఒకేసారి. ఇప్పుడు నీ రెండు వేళ్ల లెక్క చూద్దాం. నీది అయిపోయిన కథే అనుకో, ఇవాళ జరిగితే అని చెబుతున్నా. వయసు 35, నెల కూలి 12 వేలు. పూర్తిగా పని చేయలేనివాడికి అయితే కూలిలో 60 శాతం, అంటే 7,200. దాన్ని ఆ వయసుకి చట్టం చెప్పిన గుణకం 197.06తో హెచ్చించాలి. 14,18,832 వస్తుంది. రెండు వేళ్లకి 20 శాతం కాబట్టి 2,83,766 రూపాయలు. కూలి 15 వేలకి మించి ఉన్నా లెక్కకి 15 వేలే తీసుకుంటారు. చనిపోతే 60కి బదులు 50 శాతం లెక్క. ఎంత చిన్నవాడైతే గుణకం అంత పెద్దది, 16 ఏళ్లవాడికి 228.54. ఆసుపత్రి ఖర్చు వేరే, అది ఎంతైతే అంతా యజమానిదే, పరిమితి లేదు. నీకు ఇచ్చింది ఏమిటి? కట్లు కట్టించిన ఖర్చు, పదిహేను రోజుల కూలి, తెల్లకాగితం మీద వేలిముద్ర. మిగిలిన వేళ్లలో ఒకదానిది.

ఆ వేలిముద్ర కాగితం చెల్లదు బావా. హక్కు వదులుకుంటున్నానని కూలివాడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని చట్టంలోనే రాసి ఉంది. రాజీ కుదుర్చుకుంటే పరిహార అధికారి దగ్గర నమోదు కావాలి. చనిపోయినవాడి డబ్బైతే నేరుగా ఇంటివాళ్ల చేతిలో పెట్టడమే కుదరదు, ఆ అధికారి దగ్గర కట్టాల్సిందే. భార్యకి తెలియకుండా బావమరుదులు మాట్లాడేసుకుంటారని కాబోలు ఆ నిబంధన పెట్టారు.

నెల దాటినా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. కారణం లేకుండా ఎగ్గొడితే సగందాకా జరిమానా. యజమాని హైకోర్టుకి పోవాలంటే ముందు ఆ డబ్బు కట్టి పోవాలి. మేస్త్రీ కింద పనిచేసినా అసలు యజమానే బాధ్యుడు, తర్వాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకుంటాడో మానుకుంటాడో వాళ్ల గొడవ. తాగి ఉన్నాడనో, యంత్రానికి ఉన్న రక్షణ రేకు కావాలని తీసేశాడనో సాకు చెబుతారు. చిన్న దెబ్బకి ఆ సాకు పనిచేస్తుందేమో గానీ, మనిషి పోయినా, పూర్తిగా పనికి రాకుండా పోయినా ఆ సాకు చెల్లదు. మన తర్లుపాడు కుర్రాడు హైదరాబాద్‌లో అపార్టుమెంటు మీదనుంచి పడితే, హైదరాబాదులోనే కేసు వేయనక్కర్లేదు. తాను ఉండే ప్రాంతపు అధికారి దగ్గరే వేయొచ్చు. ఇది తెలియక బస్సు ఛార్జీలకే వదిలేసుకున్నవాళ్లని నా సర్వీసులో చాలామందిని చూశాను. రెండేళ్లలోపు వేయాలి. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నిస్తారు, కానీ ఆ కారణం చెప్పుకోవడానికే ఇంకో ఏడాది పడుతుంది.

2025 నవంబరు 21 నుంచి ఈ 1923 చట్టాన్ని సామాజిక భద్రతా స్మృతిలో కలిపేశారు. పేరు మారింది, ఒళ్లు చాలావరకు అదే. కొత్తగా ఒకటి చేరింది. ఇంటినుంచి పనికి వెళ్తూనో, పనినుంచి ఇంటికొస్తూనో దారిలో ప్రమాదం జరిగినా, పనితో దానికి సంబంధం ఉందని తేలితే అదీ పనిలో జరిగినట్టే. తెల్లారుజామున ఆటోలో పదిమంది ఇరుక్కుని పోయే మన ఆడోళ్లకి ఇది పనికొచ్చే మాట.

దగ్గు సంగతి. వేలు తెగితే తేదీ ఉంటుంది, సాక్షి ఉంటాడు, నేలమీద రక్తం ఉంటుంది. దగ్గుకి ఏముంది? ఇక్కడి కూలీల మొండి పోరాటమంతా దీనికోసమే కదా. మన చట్టంలో మూడో షెడ్యూల్లో సిలికోసిస్ ఎప్పటినుంచో ఉంది. సిలికోసిస్ వల్ల వచ్చిన టీబీ కూడా ఉంది. ఆ జబ్బుని ప్రమాదంతో సమానంగా చూడాలి. నలుగురు యజమానుల దగ్గర తలా కొన్నేళ్లు పనిచేసి ఉంటే నలుగురూ పంచుకుని కట్టాలి. జబ్బుతో మంచం పట్టి పనికి పోలేకపోయిన మొదటి రోజే ప్రమాదం జరిగిన రోజు. గనుల్లో పనిచేసేవాడికి చేరేటప్పుడొకసారి, తర్వాత ఐదేళ్లకొకసారి ఎక్స్‌రేతో సహా పరీక్ష చేయించాలని, ఆ ఖర్చు యజమానిదని గనుల నిబంధనలు చెబుతూనే ఉన్నాయి. సిలికోసిస్ అని తేలితే దాన్ని పైకి తెలియజేయాల్సిన బాధ్యత డాక్టరుకీ యజమానికీ ఇద్దరికీ ఉంది. ఇన్ని ఉన్నా రోగుల సంఖ్య రికార్డులో కనపడదు, ఎందుకంటే అందరూ టీబీ చిట్టాలో ఉన్నారు.

మన దేశంలో ఇది గెలిచినవాళ్లు లేకపోలేదు. గుజరాత్ గోధ్రా దగ్గర తెల్లరాయి పిండి చేసే మిల్లుల్లో దుమ్ము మింగి, మధ్యప్రదేశ్ ఆదివాసీలు ఇళ్లకొచ్చి చచ్చిపోయారు. చనిపోయిన 238 మంది కుటుంబాలకి తలా మూడు లక్షలు గుజరాత్ ప్రభుత్వమే ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. యజమానులు ఇవ్వాలా వద్దా అనే వాదన తేలేదాకా వితంతువులు కూర్చోలేదు, సర్కారు ఇచ్చింది. రాజస్థాన్ 2019లో ఒక విధానమే తెచ్చింది, సిలికోసిస్ అని తేలగానే మూడు లక్షలు, చనిపోతే ఇంకో రెండు. బ్లైనై ముసలాళ్లు 1979లో సాధించింది అదే, ఇంకో దారిలో. బలపాల ఊరు మందసౌర్‌లో దుమ్ముకి కుర్రాళ్లు ఎలా పోయారో దేశమంతా తెలుసు, పుస్తకాల్లో ఎక్కింది. మన పలకల ఊళ్ల పేరు ఆ పుస్తకాల్లో నేనైతే చూడలేదు. ఆ దుమ్ము మనోళ్లని వదిలేసిందంటావా?

మీ చిన్నోడికి ఈ మాటలు గట్టిగా చెప్పు. వాడు కోసే టైల్స్ బల్ల దగ్గర నీటి ధార ఉందిగదా, నీళ్లు లేవనో, రాయి తడిస్తే గిరాకీ రంగు తెలియదనో దాన్ని కట్టేస్తే ఆ పూట కూర్చోవద్దను. మొహానికి తువ్వాలు కట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు. కూలి ఫోన్‌పేలో వేయించుకోమను. ఆ ఫోన్ పోగొట్టుకోకుండా, మార్చకుండా ఉంచుకోమను, రేపు "వీడెవడో నాకు తెలియదు" అంటే మాట్లాడేది ఆ ఫోనే. హాజరు పుస్తకంలో తన పేరున్న పేజీ ఫోటో తీసుకోమను. ఇప్పుడే, ఒళ్లు బాగున్నప్పుడే, ఒంగోలు వెళ్లి ఒక ఎక్స్‌రే తీయించుకుని ఫిల్ము దాచమను. ఏ పని చేస్తావో డాక్టరు అడగకపోతే తనే చెప్పి, చీటీ మీద "పలక కోత" అని రాయించుకోవాలి. డాక్టరు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

పెద్దబావ పాత ఎక్స్‌రేలు అటక మీద ఉంటే అక్క పారేయొద్దు. నేను వచ్చినాక చూసి, ఒక ఊపిరితిత్తుల డాక్టరుకి చూపిస్తాను. ఇప్పుడు కేసు నిలబడుతుందో లేదో చెప్పలేను, కానీ పలకల్లో పనిచేసి ఇలాగే పోయిన ఇళ్లు మన వీధిలోనే ఇంకా ఉన్నాయి. నువ్వు ఒక్కొక్క ఇంటికీ వెళ్లి అడుగు: ఎన్నేళ్లు చేశాడు, ఎవరెవరి దగ్గర చేశాడు, ఎన్నిసార్లు టీబీ కోర్సు వాడాడు. నోటుపుస్తకంలో రాయి. రాయడం ఇబ్బందైతే చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకో, నీ చేతిరాత నాకే అర్థం కాదు.

ఎల్లుండి లివర్‌పూల్ చూపిస్తాడట అల్లుడు, ఓడరేవు ఉందట. మనవడు ఇంకా గంతులేస్తానంటున్నాడు. అక్కకి చలికోటు కొన్నాను, మన ఎండలకి ఎందుకని తిట్టకుండా చూడు.

ఇట్లు,
నీ బామ్మర్ది.